మురుకుకి యాడిది పెరటాసి

కమలమ్మాళ్ అబద్ధం చెప్పదన్న సంగతి ముత్తియాల్‌పేటలో ఆ వీధి మొత్తానికీ తెలుసు. అన్న కొడుకు పెళ్లి మాటల్లో అమ్మాయి తరఫువాళ్లు ఆవిడను పక్కకి పిలిచి, "అబ్బాయికి తాగుడు అలవాటు ఉందా అమ్మా" అని మెల్లగా అడిగితే, "ఉండాది. శనివారాలు మాత్రం తాగడు" అని చెప్పి వచ్చిన మనిషి. ఆ సంబంధం తప్పిపోయింది. అన్న చాలాకాలం మాట్లాడలేదు. ఆవిడకి అదేమీ పట్టలేదు. "అడిగినారు, చెప్పినాను" అనేది, అంతే.

ఇలాంటి మనిషి మీద అనుమానం పుట్టడానికి కోడలు కౌముదికి చాలా రోజులు పట్టింది. పుట్టాక మాత్రం ఓ పట్టాన వదల్లేదు.

మొదలైంది కుక్కపిల్లతో. సేదరపేట్‌లో కౌముది భర్త ఉదయకుమార్ పనిచేసే ఫ్యాక్టరీలో, జనరేటర్ షెడ్డు వెనకాల ఒక వీధికుక్క ఈనింది. పిల్లలు తల్లిని వదిలి తిరిగే ఈడుకొచ్చాక పనివాళ్లు తలా ఒకటి పట్టుకుపోతుంటే, ఉదయకుమార్ కూడా ఒకదాన్ని సంచిలో పెట్టుకుని బండి మీద ఇంటికి తెచ్చాడు. గోధుమరంగు ఒళ్లు, తెల్ల పాదాలు, వెనక జంతికలా గుండ్రంగా చుట్టుకున్న తోక. వాళ్ల మూడేళ్ల కూతురు అభినయ ఆ తోక చూసి "మురుకు" అంది. పేరు అదే నిలిచిపోయింది.

"పెరటాసి పుట్టినాక తెస్తావా కుక్కని?" అంది కమలమ్మాళ్, గడపకి అడ్డంగా నిలబడి.

తమిళ పంచాంగంలో పెరటాసి వెంకటేశ్వరుడి నెల. కౌముది పుట్టిన సూళ్లూరుపేటలో ఆ నెల శనివారాలు మాత్రమే నీచు ముట్టరు. ఈ ఇంట్లో నెలంతా ముట్టరు. చేప, మాంసం సరే, గుడ్డు కూడా గడప దాటి లోపలికి రాకూడదు. చివరి శనివారం తళిగ వేస్తారు. అంటే చక్కెర పొంగలి, పులిహోర, పెరుగన్నం వండి, అరిటాకులో కుప్పలుగా పెట్టి, పిండి దీపం వెలిగించి గోవిందా అంటారు. తాతముత్తాతలు ఎప్పుడు ఈ తమిళ ఊరికి వచ్చారో కమలమ్మాళ్‌కి తెలీదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఒక్క తెలుగు అక్షరం చదవలేదు. గోవింద నామాలు తమిళ అక్షరాల్లో అచ్చేసిన చిన్న పుస్తకం చూసి చదువుతుంది. భర్త సౌందరరాజన్, తను పనిచేసే మిల్లు మూతపడ్డాక, ఎక్కువ కాలం బతకలేదు. చీరలకి ఫాల్స్ కుట్టి కొడుకుని చదివించింది. చుట్టుపక్కల ఎవరింట్లో బిడ్డ పుట్టినా మొదట కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసేది ఆవిడే. బిడ్డల విషయంలో తనకి తెలియనిది లేదని ఆవిడ నమ్మకం.

కౌముది నమ్మకాలు వేరు. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివి, మేట్టుపాళయంలో ఒక మందుల కంపెనీ నాణ్యతా పరీక్షల ల్యాబ్‌లో పనిచేసింది. అక్కడ బల్ల మీదికి వచ్చిన ప్రతి సీసానూ, శుభ్రంగా ఉందని తేలేదాకా, పాడైందనే అనుకోవాలి. అభినయ కడుపులో పడ్డాక ఉద్యోగం మానేసినా ఆ అలవాటు మానలేదు. పాప తాగే నీళ్లు, పడుకునే దుప్పటి, వీధిలోంచి వచ్చే గాలి, అన్నీ బల్ల మీది సీసాలే.

ఇప్పుడు ఆ కంపెనీవాళ్లే మళ్లీ రమ్మన్నారు. వస్తుందో రాదో సోమవారంలోగా చెప్పమన్నారు. వెళ్తే, ఉదయం ప్లేస్కూల్ అయ్యాక పాప సాయంత్రం దాకా కమలమ్మాళ్ చేతుల్లో ఉంటుంది. వెళ్లాలని కౌముదికి ఎంత ఉందో ఆమెకే తెలుసు. వదిలి వెళ్లవచ్చా అన్నది మాత్రం తెలియలేదు.

మురుకు వచ్చిన కొద్ది రోజులకే విరేచనాలు పట్టుకున్నాయి. ఎక్కిళ్లు. చెవి వెనక గోక్కోవడం. ఒకసారి వాంతిలో సన్నటి తెల్లటి పురుగు కనబడింది. ఆ పురుగుల గుడ్లు పిల్లల కడుపులోకి ఎలా చేరతాయో ఆమె పాఠంగా చదువుకుంది. పాప చేతులు సబ్బుతో కడిగి కడిగి ఎర్రబడేలా చేసింది.

పశువుల డాక్టర్ కవిప్రియ కుక్కపిల్లని బల్ల మీద నిలబెట్టి, చిగుళ్లు చూసి, పొట్ట నొక్కి, జ్వరం చూసింది.

"బాగానే ఉంది. ఈ వయసు పిల్లల్లో పురుగులు మామూలే. మందు ఇస్తాను, మళ్లీ ఒక విడత వేద్దాం. ఎక్కిళ్లు వాటంతట అవే పోతాయి. చెవి వెనక గోమారులున్నాయి, దానికి చుక్కలు ఇస్తాను."

"విరేచనాలు?"

"తిండి మారితే అవుతాయి, ఎక్కువ తిన్నా అవుతాయి. పాలు వద్దు. కుక్కపిల్లలకి అమ్మే ఈ తిండి గుళికలు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి కొద్దికొద్దిగా పెట్టండి. వేరే ఏమీ వద్దు. గట్టిపడ్డాక కావాలంటే కొంచెం ఉడకబెట్టిన గుడ్డు." డాక్టర్ చేతులు కడుక్కుంటూ అడిగింది. "ఇంట్లో ఎవరైనా ఇంకేమైనా పెడుతున్నారా?"

"ఎవరూ పెట్టరు."

"అందరూ ఇదే చెప్తారు" అంది డాక్టర్.

కౌముది ఇంటికి వచ్చి, "పాలు వద్దంట అత్తా. గుళికలే పెట్టాలంట. గుడ్డు పెట్టొచ్చంట" అంది.

"గుడ్డు నెల పోయినాక చూద్దాం" అంది కమలమ్మాళ్. కౌముది సరేనంది.

పురుగులు పోయాయి. గోక్కోవడం తగ్గింది. విరేచనాలు మాత్రం తగ్గలేదు. కౌముది గుళికలు తగ్గించి చూసింది. నీళ్లు కాచి చల్లార్చి పెట్టింది. గిన్నె మార్చింది. ల్యాబ్‌లో నేర్పినట్టు ఒకసారికి ఒక్కటే మార్చుతూ పోయింది. ఏది మార్చినా ఫలితం మారలేదు. అంటే తనకి తెలియకుండా ఇంకేదో మారుతోంది.

మొదట కింది వాటాలో ఉండే సుధ మీదికి పోయింది మనసు. సుధ భర్త గురు పడవల రేవు దగ్గర పనిచేస్తాడు. వాళ్లింట్లో రోజూ చేపే. మురుకు ఒకసారి మెట్ల మీద పాడు చేసినప్పుడు సుధ మూతి ముడుచుకుని నీళ్లు కొట్టింది. కుక్క అంటే గిట్టనివాళ్లు ఏమైనా చేస్తారని కౌముది ఎక్కడెక్కడో చదివింది. కానీ మెట్ల తలుపు గడియ పైన ఉంటుంది. అది అందుకోవడం మురుకు వల్ల కాదు. తీస్తే ఎవరో మనిషే తీయాలి.

అప్పటి నుంచి కౌముది గమనించడం మొదలుపెట్టింది. పాపని ప్లేస్కూల్లో దింపి, కూరగాయలు తీసుకుని వచ్చేసరికి అత్త తల తడిగా ఉంటోంది. పొద్దున్నే పూజకి ముందు తలస్నానం చేసిన మనిషి మళ్లీ ఎందుకు చేసింది? ఒకరోజైతే ఎండనుకోవచ్చు. రోజూ అదే. మురుకు ఆ వేళకి గిన్నె దగ్గరికి రావడం మానేసి, పొట్ట నేలకి ఆనించి పడుకుంటోంది.

కౌముదికి వస కొమ్ము గుర్తొచ్చింది. అభినయ చంటిబిడ్డగా ఉన్నప్పుడు కడుపునొప్పికి వస అరగదీసి పెడతానంటే ఆమె వద్దంది. తర్వాత ఒకరోజు పాప నాలుక మీద నల్లటి గీత కనబడింది. "పెట్టారా అత్తా" అని అడిగితే, "పెట్టినాను. నీ మొగుడికీ పెట్టినాను, బాగానే ఉండాడు గదా" అని దాపరికం లేకుండా చెప్పింది. అడిగేదాకా మాత్రం చెప్పలేదు. ఆ రోజు కౌముది మళ్లీ ఖండితంగా వద్దంది.

కుక్క ఇంట్లోకి రావడం మొదటి రోజే ఆవిడకి ఇష్టం లేదు. అది రోజూ నేల పాడుచేస్తుంటే ఎవరైనా విసిగి దాన్ని పంపించేస్తారు. అందుకే ఏదైనా నూరి పోస్తోందా? ఆలోచన ఇంతదాకా వచ్చాక కౌముదికి తన మీద తనకే సిగ్గేసింది. అయినా ఆలోచన పోలేదు.

"ఉదయ్, అత్త దానికేదో పెడుతోంది" అంది మొగుడితో.

"అమ్మా? కుక్కని చూస్తేనే చీర ఎత్తి పట్టుకుంటుంది."

"ఎత్తి పట్టుకునేది నువ్వు చూసేటప్పుడే."

"అయితే అడిగేయ్. అమ్మ అబద్ధం చెప్పదు గదా."

అడిగింది. కమలమ్మాళ్ వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. "అత్తా, ఇంట్లో ఎవరైనా దానికి వేరే ఏమైనా పెడుతున్నారా?"

కమలమ్మాళ్ చేతులు ఒక్క క్షణం ఆగాయి. "ఇంట్లో ఎవురూ ఏమీ పెట్టలా" అని మళ్లీ గింజల్లో పడింది.

ఆ ఆగడం కౌముది చూసింది.

శుక్రవారం ఆమె చేతికి తొడుగు వేసుకుని, డాబా మీద మురుకు వెళ్లినచోట కూర్చుని, పుల్లతో విడదీసి చూసింది. ఎదురు మేడ మీద బట్టలు ఆరేస్తున్నావిడ పని ఆపి నోరు తెరుచుకుని చూస్తోంది. కౌముది లెక్కచేయలేదు. పుల్ల కొసకి సన్నటి తెల్లటి ముల్లు తగిలింది. చేప ముల్లు. మురుకు మూతి పట్టుకుని వాసన చూసింది. అనుమానం లేదు.

పెరటాసి నెలలో, గడప లోపలికి కోడిగుడ్డు కూడా రాని ఇంట్లో, కుక్కపిల్ల కడుపులో చేప ముల్లు. అది పేగుకి గుచ్చుకుని ఉంటే? ఆ ఆలోచన వెంటనే మురుకు దగ్గర నుంచి పాప దగ్గరికి వచ్చేసింది. తను లేనప్పుడు దీనికి ఇది తినిపించేవాళ్లు, తను లేనప్పుడు పాపకి ఏం తినిపిస్తారు? కంపెనీకి రాలేనని రాసెయ్యాలని ఆ సాయంత్రమే అనుకుంది. ఫోన్లో సగం రాసింది కూడా. పంపడానికి మాత్రం చెయ్యి రాలేదు.

మర్నాడు తళిగ. కౌముది తెల్లవారుతుండగా లేచి వంటింట్లోకి వెళ్లింది. పప్పు నానుతోంది, పొయ్యి కడిగి ముగ్గు పెట్టి ఉంది, అత్త లేదు. వరండాలో మురుకు పడుకునే అట్టపెట్టె ఖాళీ. మెట్ల తలుపు గడియ తీసి ఉంది.

చెప్పులు వేసుకోకుండా కిందికి దిగింది. సుధ వాటా వెనక పెరట్లో కుళాయి దగ్గర బట్టలుతికే బండ ఉంది. దాని మీద కమలమ్మాళ్ కూర్చుని ఉంది. నిన్నటి చీరే, కుచ్చిళ్లు పైకి దోపుకుంది. చేతిలో అరిటాకు ముక్క, దాని మీద చిదిమిన ఉడకబెట్టిన గుడ్డు. ఆకు అంచుని రెండు వేళ్లతో పట్టుకుని, చెయ్యి వీలైనంత దూరం చాపి, ముఖం పూర్తిగా గోడవైపు తిప్పుకుంది. మురుకు ఆ ఆకులో మూతి పెట్టి, మురుకులాంటి తోకతో సహా ఒళ్లంతా ఊపుతూ తింటోంది. పక్కన సుధ గిన్నెలు తోముతోంది.

"అత్తా."

కమలమ్మాళ్ తల తిప్పలేదు. "ఉండు. మింగనీ. మధ్యలో పిలిస్తే గొంతులో అడ్డం పడతాది."

మురుకు ఆకు కూడా నాకింది. అప్పుడు కమలమ్మాళ్ ఆకు మడిచి సుధ చెత్తబుట్టలో వేసి, చేతులు కుళాయి కింద పెట్టింది.

"మీరేమీ పెట్టలేదన్నారు."

"ఇంట్లో పెట్టలేదన్నాను. పెట్టలా. గుడ్డు ఉడికేది సుధ పొయ్యి మీద, పెట్టేది సుధ పెరట్లో. తరువాత నీళ్లు పోసుకునే లోపలికి వస్తాను. రోజూ అంతే."

తడి తల సంగతి కౌముదికి అప్పుడు అర్థమైంది. కోపం మాత్రం తగ్గలేదు.

"నేను దానికి సరిపోయేంత పెడుతూనే ఉన్నాను కదా. దాని మీద ఇది. అందుకే పొట్ట ఆగట్లేదు. మీకు దాన్ని చూస్తేనే పడదనుకున్నాను."

"పడదు. ఇప్పుడూ పడదు. అయితే మాత్రం? తల్లిని వదిలేసి వచ్చిన బిడ్డ. నువ్వు నీళ్లలో వేసి పెట్టేది ఏంది, ఎరువు గుళికలు మాదిరి. గుడ్డు పెట్టొచ్చని డాక్టరమ్మ చెప్పిందని నువ్వే గదా చెప్పినావు."

"విరేచనాలు తగ్గాక అని చెప్పింది."

"అది నువ్వు చెప్పలా."

నిజమే. ఆ రోజు ఆ సగం చెప్పలేదు.

"మరి నెల పోనీ అన్నారు?"

"పెరటాసి మనకి. దానికి యాడిది పెరటాసి? నా మొక్కుకి అదెందుకు ఎండాల?" కమలమ్మాళ్ చీర కొంగుతో చేతులు తుడుచుకోబోయి, మైల చీర అని గుర్తొచ్చి గాలికి విదిలించింది. "ఉదయ్ చిన్నప్పుడు ఇదే నెలలో జ్వరం పడి లేచినాడు. డాక్టరు గుడ్డు పెట్టమన్నాడు. మా అత్త ఒప్పుకోలా. ఎదురింటికి ఎత్తుకుపోయి పెట్టి, నీళ్లు పోసుకుని వచ్చేదాన్ని. ఆమె అడగలా, నేను చెప్పలా. వాడు లేచి తిరిగినాడు."

"సరే. మరి చేప సంగతేంటి?"

ఇప్పుడు కమలమ్మాళ్ పూర్తిగా ఇటు తిరిగింది. "చేపేంది?"

"నిన్న దాని కడుపులోంచి చేప ముల్లు వచ్చింది."

తోముతున్న గిన్నె చప్పుడు ఆగిపోయింది. ఇద్దరూ సుధవైపు చూశారు. సుధకి తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడదు. కమలమ్మాళ్ తెలుగులో అడిగితే తను తమిళంలో బదులిస్తుంది. చాలా ఏళ్లుగా వాళ్ల కబుర్లు అలాగే సాగుతున్నాయి. సుధ ఇప్పుడు తమిళంలో, గిన్నె అడుగు చూసుకుంటూ చెప్పింది. అమ్మగారు స్నానానికి పైకి వెళ్లాక అది ఇక్కడే తిరుగుతుంది కదా, పాపం అడుగుతుంది, పులుసులోంచి ఒక ముక్క తీసి కడిగి పెడుతున్నాను. ముల్లు తీసే పెట్టాను. ఒకటి మిగిలిపోయి ఉంటుంది.

"నా చేత్తో కిందికి దించి నీ చేప తినిపిస్తా ఉండానా ఇన్నాళ్లూ? శనివారాలు కూడానా?" అంది కమలమ్మాళ్.

శనివారం గుడ్డయితే పరవాలేదా అని సుధ తమిళంలో అడిగింది.

కమలమ్మాళ్ కుళాయి తిప్పి చేతులు ఇంకోసారి కడుక్కుంది. కౌముదికి నవ్వు రాబోయింది. ఆపుకుంది. అడగవలసింది ఇంకొకటి మిగిలి ఉంది. నిన్నటి నుంచి మనసులో ఉన్నది అదే.

"అత్తా, అభినయకి కూడా నాకు తెలియకుండా ఏమైనా పెడుతున్నారా? ఇంట్లో గానీ, బయట గానీ, ఎవరింట్లో గానీ."

కమలమ్మాళ్ ఆమె ముఖంలోకి చూసింది. ఆ ప్రశ్న దెబ్బలా తగిలిందని తెలుస్తూనే ఉంది. అయినా ఎప్పటిలాగే తిన్నగా చెప్పింది.

"బెల్లం పెడతా ఉండాను. మధ్యాహ్నం నిద్రలేచి ఏడిస్తే ఒక ముక్క. పళ్లు పుచ్చిపోతాయని నువ్వు వద్దన్నావు. ఏడిస్తే నేను చూడలేను."

"ఇంకా?"

"ఇంకేమీ లేదు."

"వస?"

"ఆ రోజు వద్దన్నావు. ఆ కొమ్ము తీసుకుపోయి అన్న ఇంట్లో ఇచ్చేసినాను. మళ్లీ ముట్టలా." దోపుకున్న కుచ్చిళ్లు దించుకుంటూ అంది. "అడిగితే చెప్తాను గదా అమ్మా. దాన్ని పుల్లతో కెలికి చూడాలా? ఎదురింటామె నిన్న నన్ను అడిగింది, మీ కోడలికి ఒళ్లు బాగలేదా అని."

ఈసారి సుధ నవ్వింది. కౌముది కూడా ఆపుకోలేకపోయింది. కానీ నవ్వుతూనే మనసులో తూచుకుంటోంది. బెల్లం తప్పే. గుడ్డు తప్పే. చెప్పకపోవడం పెద్ద తప్పు. కానీ వద్దన్నది ఒకసారి సరిగ్గా వినబడితే ఆ కొమ్మునే ఇంట్లోంచి పంపించేసిన మనిషి. చెప్పవలసింది సగం చెప్పి ఊరుకున్నది తను.

"ఈ రోజు నుంచి గుళికలు మాత్రమే. గట్టిపడేదాకా గుడ్డు వద్దు, చేప ఎప్పటికీ వద్దు" అంది. చివరి మాట సుధవైపు తిరిగి అంది. తర్వాత అత్తవైపు తిరిగింది. "మీరే పెట్టండి. నేను పెట్టను. ఎంత పెట్టాలో చూపిస్తాను, మొత్తం చూపిస్తాను."

"నేనా? తళిగ రోజు దాన్ని ముట్టుకోమంటావా?"

"ఇప్పటిదాకా ముట్టుకున్నారు కదా."

"ఇప్పుడు నీళ్లు పోసుకుంటాను గదా. రేపటి నుంచి పెడతాను. ఈ రోజు నువ్వే పెట్టు." ఆవిడ బండ మీద నుంచి లేచి, మెట్లెక్కుతూ వెనక్కి చూడకుండా అంది. "పప్పు నానిపోతా ఉండాది. వచ్చి పొయ్యి వెలిగించు."

తళిగ వేసి, గోవిందా అని, ఆకుల్లో తిని అందరూ కునుకు తీస్తున్న వేళ కౌముది ఫోన్ తీసింది. రాలేనని రాసిన సగం జవాబు చెరిపేసింది. వస్తానని రాసి, మళ్లీ ఒకసారి చదివి, పంపించింది.

ఉద్యోగంలో చేరేనాటికి పెరటాసి దాటిపోయింది. మురుకు పొట్ట కుదుటపడి, పక్కటెముకల మీద కాస్త కండ పట్టింది. మొదటి సాయంత్రం మేట్టుపాళయం నుంచి వస్తూనే కౌముది సంచి కూడా దించకుండా వంగి మురుకు మూతి వాసన చూసింది. తర్వాత పరుగెత్తుకు వచ్చిన అభినయని ఎత్తుకుని, ముద్దు పెట్టుకునే నెపంతో పాప నోరు కూడా వాసన చూసింది.

"వాసన చూస్తే ఏం తెలస్తాది. అడుగు" అంది వంటింట్లోంచి కమలమ్మాళ్.

"పాపకి ఏం పెట్టారు?"

"పప్పన్నం, పెరుగన్నం, అరటిపండు. ఏడిచింది. బెల్లం పెట్టలా, బయటికి తీసుకుపోయి బండ్లు చూపించినాను."

"మురుకుకి?"

"గుళికలు. గుడ్డు సగం. నువ్వు చెప్పినంతే."

"ఇంట్లోనా?"

"ఇంట్లోనే. నెల పోయింది గదా."

"కింద?"

గరిటె ఆగింది. మళ్లీ కదిలింది.

"కింద నేను పెట్టలా" అంది కమలమ్మాళ్. "సుధ సంగతి సుధని అడుగు."

కౌముది సంచి బల్ల మీద పెట్టి, మురుకుని చంకన పెట్టుకుని, మెట్ల తలుపు గడియ తీసింది.